ఎస్ఎఫ్‌సీ, డిస్మ్: ‘విండోస్ జెన్యూన్ కాదు’ అన్నప్పుడల్లా వాడి చూసిన అనుభవం

చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ మాది. పెళ్ళి పత్రికలు, బిల్ బుక్కులు, కరపత్రాలు, నోటిఫికేషన్ పడితే ఆన్‌లైన్ అప్లికేషన్లు, అన్నీ చేస్తం. విండోస్ 7 కాలం నుంచి ఇప్పటి 11 దాకా షాపులో సిస్టమ్‌ల సంగతి నేనే చూసుకుంట, చుట్టుపక్కల షాపులోళ్ళు కూడా పిలుస్తుంటరు. అందుకే ఈ రివ్యూ ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ మీద కాదు, విండోస్‌లోనే ఉచితంగా ఉండి ఎవరూ పట్టించుకోని ఎస్ఎఫ్‌సీ, డిస్మ్ (పాడైన విండోస్ ఫైళ్ళని బాగుచేసేవి), ఎస్ఎల్ఎంజీఆర్ (లైసెన్స్ సంగతి చూసేది) అనే మూడు కమాండ్ల మీద.

స్క్రీన్ కింద మూలకి ‘యాక్టివేట్ విండోస్’ అని పడ్డా, పాత 7లో బ్యాక్‌గ్రౌండ్ నల్లగా అయిపోయి ‘బిల్డ్ 7601, దిస్ కాపీ ఆఫ్ విండోస్ ఈజ్ నాట్ జెన్యూన్’ అని వచ్చినా మన దగ్గర ఎవరిని అడిగినా రెండే జవాబులు. కొత్త కీ (విండోస్ లైసెన్స్ నంబర్) కొను, లేకపోతే ఫార్మాట్ కొట్టు. ఫార్మాట్ కొట్టేటోడికి ఏం పోయింది, ఓఎస్ గంటలో ఎక్కిస్తడు, డబ్బులు తీస్కొని పోతడు. తర్వాత అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్లు, కలర్ సెట్టింగులు, ఏళ్ళ తరబడి దాచుకున్న టెంప్లేట్లు ఇవన్నీ మళ్ళీ సెట్ చేసుకునేసరికి పని అటకెక్కుతది, అది కూడా సరిగ్గా మాఘమాసం ముహూర్తాలప్పుడే వస్తది ఈ తలనొప్పి. నేను ఈ కమాండ్లు నేర్చుకుందే ఫార్మాట్ తప్పించుకోవడానికి.

అసలు లైసెన్స్ బాగున్నా ఈ మెసేజ్ ఎందుకొస్తదంటే, విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ప్రొటెక్షన్ అని ఒక సర్వీస్ ఉంటది, ఎస్‌పీపీఎస్‌వీసీ అని పేరు. మీ కీ, యాక్టివేషన్ వివరాలు టోకెన్స్ డాట్ డ్యాట్ అనే ఫైల్లో పెట్టుకుంటది. లైసెన్స్ చూసేటప్పుడు తన సిస్టమ్ ఫైళ్ళు అసలువేనా, ఎవరైనా మార్చిన్రా అని కూడా చెక్ చేసుకుంటది. దాంట్లో ఒక ఫైల్ పాడయితే, అది దొంగతనంగా మార్చిందా, డిస్క్ దెబ్బతిని పాడయిందా అన్న తేడా దానికి తెలవదు, రెండూ ఒకటే లెక్క. కీ కార్డు బీరువాలో భద్రంగా ఉంటది, బిల్లు ఉంటది, అయినా స్క్రీన్ మీద మనం దొంగలమే.

కమాండ్లు కొట్టే ముందు ఎర్రర్ కోడ్ చూడండి, ఇది చాలామంది వదిలేస్తరు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీకి పోతే కోడ్ ఉంటది. సీ004సీ003 అంటే కీ బ్లాక్ అయింది, దానికి ఎస్ఎఫ్‌సీ ఎంత కొట్టినా ఉపయోగం లేదు, ఆన్‌లైన్లో కొన్ని వందలకి దొరికే కీలు కొన్నవాళ్ళకి ఎక్కువగా ఇదే వస్తది. సీ004ఎఫ్211 అంటే హార్డ్‌వేర్ మారింది, మదర్‌బోర్డు మార్పిస్తే సాధారణంగా ఇదే. సీ004ఎఫ్074 అంటే ఆఫీసు నెట్‌వర్క్ సర్వర్‌తో యాక్టివేట్ అయ్యే రకం, ఆ సర్వర్ దొరకట్లేదని. సీ004డీ401 వస్తే మాత్రం అది సిస్టమ్ ఫైళ్ళు సరిపోలట్లేదని నేరుగా చెప్పే కోడ్, కానీ అప్పుడప్పుడు యాంటీవైరస్ లాంటివి లోపల వేలు పెట్టినా వస్తది. సీ004ఎఫ్200 అంటే ఉత్త ‘జెన్యూన్ కాదు’ అనడమే, కారణం మనమే వెతుక్కోవాలె. 2019 జనవరి 8న ప్రపంచమంతా ఆఫీసుల్లో విండోస్ 7 సిస్టమ్‌లకి ఈ కోడే వచ్చింది, అది మైక్రోసాఫ్ట్ సర్వర్ వైపు చేసిన మార్పు వల్ల, మర్నాడే వెనక్కి తీస్కున్నరు. కాబట్టి ఈ కోడ్ కనిపించిందని ప్రతిసారి ఫైళ్ళ మీద పడొద్దు.

ఇంకోటి, తారీఖు చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్ అయిపోతే సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోతది, యాక్టివేషన్ కాదు, బ్రౌజర్‌లో సైట్లు కూడా తెరుచుకోవు. పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లల్ల ఇది మామూలే, సెల్ మారిస్తే అయిపోయే దానికి పాపం కొందరు ఓఎస్ మార్పించిన్రు.

ఇగ అసలు విషయం. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తోనే తెరవాలె, మామూలుగా తెరిస్తే పని చెయ్యదు. ఎస్ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ అని కొడితే సిస్టమ్ ఫైళ్ళన్నీ చూసి, పాడైనవాటికి విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్లో ఉండే మంచి కాపీ తెచ్చి పెడతది. వినడానికి బాగుంది. చిక్కు ఎక్కడంటే ఆ మంచి కాపీ కూడా అదే డిస్క్ మీద ఉంటది, అదీ పాడయితే? అప్పుడే ‘కరప్ట్ ఫైల్స్ దొరికినయి కానీ కొన్నిటిని బాగుచెయ్యలేకపోయిన’ అని వస్తది, చాలామంది అక్కడితో ఆశ వదిలేసుకుంటరు. సాయానికి పోయిన ఇల్లే కాలిపోయి ఉంటే ఏం సాయం దొరుకుతది.

అందుకే నా లెక్కలో ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ. మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీ కూడా అదే వరుస చెప్తది కానీ మన దగ్గర అందరూ ఎస్ఎఫ్‌సీ ఒక్కటే కొట్టి ఊరుకుంటరు. డిస్మ్ స్లాష్ ఆన్‌లైన్ స్లాష్ క్లీనప్-ఇమేజ్ స్లాష్ రీస్టోర్‌హెల్త్ అని స్లాష్‌కి ముందు స్పేస్ ఇచ్చుకుంట కొట్టాలె. ఇది ఆ విన్‌ఎస్ఎక్స్ఎస్ గోదాములో పాడైనవాటిని విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చి సరిచేస్తది, కాబట్టి నెట్ ఉండాలె. పర్సెంటేజ్ ఒక్కోసారి ఒకే చోట చాలాసేపు ఆగిపోతది, హ్యాంగ్ అయిందని విండో మూసెయ్యొద్దు, చాయ్ తాగి రండి. అయినాక ఎస్ఎఫ్‌సీ కొడితే అప్పటిదాకా ‘కాదు’ అన్న ఫైళ్ళు కూడా చాలావరకు సరైపోతయి. ఒకసారికి కాకపోతే రీస్టార్ట్ చేసి మళ్ళీ కొట్టాలె.

డిస్మ్ కూడా 800ఎఫ్081ఎఫ్ అని మొరాయిస్తది అప్పుడప్పుడు, అంటే తెచ్చుకోవాల్సిన ఫైళ్ళు దొరకలేదని. అప్పుడు మీ వెర్షన్‌కి సరిపోయే విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకొని డబుల్ క్లిక్ చేస్తే ఒక డ్రైవ్‌గా కనిపిస్తది, డిస్మ్‌కి సోర్స్‌గా అందులోని ఇన్‌స్టాల్ డాట్ విమ్ గానీ ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీ గానీ చూపించాలె. ఇక్కడ జర జాగ్రత్త, మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లల్ల చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే ఎడిషన్ ఉంటది, ఐఎస్ఓలో హోమ్, ప్రో అన్నీ వేర్వేరు నంబర్ల మీద ఉంటయి, సరైన నంబర్ ఇవ్వకపోతే మళ్ళీ అదే ఎర్రర్, మళ్ళీ అదే తిట్లు. విండోస్ 7లో అసలు డిస్మ్‌కి ఈ రిపేర్ చేసే సత్తా లేదు, 8 నుంచే వచ్చింది, 7కి సిస్టమ్ అప్‌డేట్ రెడీనెస్ టూల్ అని వేరేగా దించుకునేది ఉండె.

ఇవన్నీ అయినాక కూడా ‘నాట్ యాక్టివేటెడ్’ అనే ఉంటే పరేషాన్ కావద్దు. ఎస్ఎఫ్‌సీ చూసేది విండోస్‌తో వచ్చిన ఫైళ్ళని, టోకెన్స్ డాట్ డ్యాట్ మన సిస్టమ్‌లోనే తయారైన ఫైలు, దాన్ని అది ముట్టుకోదు. అది పాడయితే మనమే తిరగరాయించాలె. నెట్ స్టాప్ ఎస్‌పీపీఎస్‌వీసీ అని సర్వీస్ ఆపాలె, 10, 11లల్ల సిస్టమ్32లో ఎస్‌పీపీ, స్టోర్, 2.0 ఫోల్డర్లకి పోయి ఆ ఫైల్ పేరు మార్చాలె (డిలీట్ వద్దు, పేరు మార్చండి చాలు), మళ్ళీ సర్వీస్ స్టార్ట్ చేసి ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ ఆర్ఐఎల్‌సీ కొట్టి రీస్టార్ట్ చెయ్యాలె. తర్వాత కీ మళ్ళీ ఎక్కించాలె, ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ ఐపీకే తర్వాత కీ, ఆ తర్వాత ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ ఏటీవో. కాబట్టి కీ చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. అయిందో లేదో చూడ్డానికి ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే ‘పర్మనెంట్‌గా యాక్టివేట్ అయింది’ అని చిన్న డబ్బా వస్తది, ఆ డబ్బా చూసినప్పుడు వచ్చే హాయి వేరే. సర్వీసెస్ లిస్టులో ఈ ఎస్‌పీపీఎస్‌వీసీ ఆగిపోయి కనిపిస్తే కంగారొద్దు, పని లేనప్పుడు అది దానంతట అదే ఆగిపోతది, స్టార్ట్ చేస్తే ఎర్రర్ ఇచ్చినప్పుడే ఆలోచించాలె.

సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూట్ బటన్ కూడా ఉంది, మదర్‌బోర్డు మార్చినోళ్ళకి అది పనికొస్తది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లైసెన్స్ ముందే లింక్ అయి ఉంటే. ఫైళ్ళు పాడైన కేసుల్లో మాత్రం నాకు దాంతో ఒరిగింది ఏం లేదు.

ఇప్పుడు మైనస్‌లు. ఈ టూల్స్ ఫైలు పాడయిందని చెప్తయి, ఎందుకు పాడయిందో చెప్పవు. బాగుచేసిన కొన్నాళ్ళకే మళ్ళీ అదే మెసేజ్ వచ్చిందంటే విండోస్‌ని వదిలేసి డిస్క్‌ని అనుమానించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి హెల్త్ చూడండి, అక్కడ కాషన్ అని పసుపు పచ్చగా కనిపిస్తే ముందు డేటా కాపీ తీస్కోండి, చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్) తర్వాత సంగతి, చావడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ మీద అది మొత్తం గోకితే ఉన్నది కూడా పోవచ్చు. ర్యామ్ పాడైనా ఇట్లనే అయితది. మాకు వచ్చిన కేసుల్లో ఎక్కువ వానాకాలమే, గాలివాన రాంగనే కరెంటు పోవుడు, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండుడు, అటు అప్‌డేట్ సగంలో ఉండుడు. ఎండాకాలం అయిపోకముందే యూపీఎస్ బ్యాటరీ మార్పించుడు అప్పటి నుంచి మాకు అలవాటయింది.

రెండో మైనస్, ఎస్ఎఫ్‌సీ లాగ్. సీబీఎస్ డాట్ లాగ్ తెరిస్తే మామూలు మనిషికి ఏమీ అర్థం కాదు. ఎస్ఆర్ అని బ్రాకెట్లో ఉన్న లైన్లు మాత్రం వెతికితే ఏ ఫైలు బాగుపడలేదో పేరు దొరుకుతది, మిగతాదంతా చదవక్కర్లేదు.

క్రాక్ (లైసెన్స్ లేకుండానే నడిపించే దొంగ ప్రోగ్రామ్) వేసి అమ్మిన సిస్టమ్ అయితే కథ ఉల్టా. ఆ క్రాకుల్లో కొన్ని సిస్టమ్ ఫైళ్ళనే మారుస్తయి, ఎస్ఎఫ్‌సీ కొడితే అసలు ఫైళ్ళు తిరిగొస్తయి, దాంతో అప్పటిదాకా లేని ‘జెన్యూన్ కాదు’ మెసేజ్ ప్రత్యక్షం అయితది. ‘నువ్వే ఖరాబ్ చేసినవ్ అన్నా’ అని నా మీదికి వచ్చినోళ్ళు ఉన్నరు. అందుకే ఇప్పుడు వేరేవాళ్ళ సిస్టమ్ ముట్టుకునే ముందు బిల్లుందా అని అడుగుత.

ఏదీ పని చెయ్యకపోతే ఫార్మాట్ కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. విండోస్ నడుస్తుండగానే ఐఎస్ఓలోని సెటప్ నడిపి, ఫైల్స్, యాప్స్ ఉంచు అన్నది ఎంచుకుంటే విండోస్ ఒక్కటే తిరిగి ఎక్కుతది, ఫాంట్లు, పేజ్‌మేకర్ ఎక్కడివక్కడే. ఎడిషన్, భాష రెండూ సరిపోలాలె, లేకపోతే యాప్స్ ఉంచే ఆప్షన్ కనిపించదు. బ్యాకప్ మాత్రం తీస్కొనే చెయ్యండి.

మార్కులు అడిగితే డిస్మ్‌కి 5కి 4, ఎస్ఎఫ్‌సీకి ఒంటరిగా 2, ఎస్ఎల్ఎంజీఆర్‌కి 4. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11లో కూడా ఈ మూడూ ఇట్లనే నడుస్తున్నయి. ల్యాప్‌టాప్ బయోస్‌లో దాగున్న కీ చూపించే డబ్ల్యూమిక్ కమాండ్ మాత్రం విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ముందే ఎక్కించి రావట్లేదు, పవర్‌షెల్‌తో (విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ విండో) తీసుకోవాలె, ఆ కీ ఒకసారి తీసి కాగితం మీద రాసి పెట్టుకుంటే పైన చెప్పిన టోకెన్ల పని వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.