లిరోకోనైట్ నమూనా: నీలం అదిరింది, లేబుల్ నిరాశపరిచింది

అంగుళం డబ్బాలో వచ్చిన రాయి ఇది, లిరోకోనైట్ అనే నీలి ఖనిజం. తుప్పు రంగు మాతృశిల (స్ఫటికాలు అంటుకుని ఉన్న రాయి) మీద రెండు మూడు మిల్లీమీటర్ల స్ఫటికాలు, అణిగిన అష్టముఖాల్లా, మంచి ఆకాశనీలంలో. ఒకదాని మూల విరిగింది. మోస్ కొలమానంలో కాఠిన్యం 2 నుంచి 2.5 మాత్రమే, గోటికే గీత పడొచ్చు కాబట్టి ఆశ్చర్యమేం లేదు.

అసలు లోపం లేబుల్‌ది. ‘కార్న్‌వాల్’ అని ఇంగ్లండ్‌లోని ప్రాంతం పేరు రాసి ఊరుకున్నారు. ఈ ఖనిజానికి పేరు తెచ్చింది సెయింట్ డే దగ్గరి వీల్ గోర్లాండ్ గని. అది మూతపడి చాలా కాలమైంది, మంచివి పాత సేకరణల నుంచే రావాలి. గని పేరు లేకపోతే అడిగిన ధర పెట్టడం దండగ.

దీని బదులు అజురైట్ (మరో నీలి రాగి ఖనిజం) అంటగట్టారేమో అనిపిస్తే, రాలిన రవ్వ మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. అజురైట్ కార్బొనేట్ కనుక పొంగుతుంది. లిరోకోనైట్ రాగి, అల్యూమినియంల ఆర్సెనేట్ (ఆర్సెనిక్ ఉన్న లవణం), నురగ లేకుండా కరుగుతుంది. స్ఫటికం మీద మాత్రం వద్దు!

నిర్మాణంలోనే నీటి అణువులున్నాయి, వేడి తగలనివ్వకండి. అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో చేసే) శుభ్రత అసలే వద్దు. విషమైన ఆర్సెనిక్ ఉంది కనుక గీకి పొడి లేపొద్దు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.