‘రోమన్ల సిలువ చెక్క’ అని అమ్మే లాకెట్లు కొనకండి

యెరూషలేము యాత్రకు వెళ్లేవాళ్లు, వెళ్లేవాళ్ల చేత ఏదైనా తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. గాజు మూత ఉన్న లాకెట్‌లో గోరంత చెక్క ముక్క పెట్టి, “1వ శతాబ్దపు రోమన్ సిలువ చెక్క, ఒలీవ” అని సర్టిఫికెట్ జత చేసి అమ్ముతున్నారు. మా పిన్ని గుంటూరు నుంచి ఒక గుంపుతో వెళ్లి, పాత నగరంలోని ఒక దుకాణంలో మన డబ్బుల్లో 18,000 రూపాయలు పోసి దాన్ని కొన్నది. బయట అమ్మే ఒలీవ చెక్క సిలువలు ఇప్పుడు చేసినవనీ, ఇది మాత్రం ఆ కాలం నాటిదనీ దుకాణదారు చెప్పాడట.

ఇంటికొచ్చాక గాజు మూత ఊడింది. అతికించమని వడ్రంగి దగ్గరకు తీసుకెళ్తే, ఆయన ముక్కను వెలుతురులో తిప్పి చూసి, అంచున మిషన్ రంపం గీతలు చూపించాడు. అన్నీ ఒకే ఎడంలో, ఒకే లోతులో ఉన్నాయి. తడి గుడ్డతో రుద్దితే గుడ్డకి ముదురు గోధుమ రంగు అంటింది, కింద లేత పసుపు చెక్క బయటపడింది. దుకాణానికి ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. డబ్బు సంగతి అలా ఉంచండి. రోజూ ప్రార్థనలో ఆ లాకెట్ చేత్తో పట్టుకునే మనిషికి ఈ మాట ఎలా చెప్పాలా అని ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం.

ఆ సర్టిఫికెట్‌లోని మాటలే నిలబడవు. రోమన్లు సిలువ వేసిన మనిషి ఎముక, అందులో మేకు దిగి ఉన్నట్టుగా, 1968లో యెరూషలేము ఉత్తరాన గివత్ హమివ్తార్ దగ్గర ఒక సమాధిలో దొరికింది. ఎముకలు దాచిన రాతి పెట్టె మీద యెహోహానాన్ అనే పేరు ఉంది. మడమ ఎముకలో దిగిన ఆ ఇనుప మేకు పొడవు 11.5 సెంటీమీటర్లు. మేకు తలకీ మడమకీ మధ్య చిన్న చెక్క బిళ్ల ఆనవాలు ఉంది. అది పిస్తా జాతిదో, తుమ్మ జాతిదో అని మొదట రాశారు. 1985లో మళ్లీ పరీక్షించి ఒలీవ అన్నారు. “రోమన్ సిలువ ఒలీవ చెక్కతో చేసేవాళ్లు” అనే ప్రచారానికి అమ్మేవాళ్లు దీన్నే వాడుకుంటారు. కానీ అది కాలు మేకులోంచి ఊడిరాకుండా అడ్డం పెట్టిన బిళ్ల మాత్రమే. మేకు మొనకు అంటిన నలుసు, అంటే అసలు సిలువ మానుది, ఏ చెట్టుదో పరీక్షించడానికి కూడా చాలనంత చిన్నది. ప్రపంచం మొత్తంలో ఇంత అరుదైన ఆధారం ఉన్నచోట, లాకెట్ దుకాణానికి చెట్టు పేరు ఎక్కడిది?

పైగా రోమన్లు సిలువ కోసం ఫలానా చెట్టే కావాలని చూసుకునేవాళ్లు కాదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేమును ముట్టడించినప్పుడు రోజుకు 500 మందిని, ఒక్కోసారి ఇంకా ఎక్కువమందిని, సిలువ వేశారనీ, చివరికి సిలువలు పాతడానికి చోటు, మనుషులకు సిలువలు చాలలేదనీ ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ముట్టడి కట్టడాల కోసం నగరం చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారని కూడా ఆయనే చెప్పాడు. అలాంటప్పుడు చేతికందిన దుంగే సిలువ అయ్యుంటుంది. యేసు సిలువను దేవదారు, సైప్రస్, ఖర్జూరం, ఒలీవ నాలుగూ కలిపి చేశారనే కథ మధ్యయుగపు యూరప్‌ది. భక్తితో చెప్పుకున్నారు, అందులో తప్పేం లేదు. దాన్ని సర్టిఫికెట్‌లోకి ఎక్కించి డబ్బు గుంజడమే తప్పు.

“కార్బన్ పరీక్ష చేయించాం” అన్నా పడిపోకండి. ఆ పరీక్ష చెట్టు ఏ కాలంలో పెరిగిందో చెబుతుంది, ఆ చెక్కతో ఏం చేశారో చెప్పదు. రోమ్‌లోని శాంతా క్రోచే చర్చిలో యేసు సిలువకు పైన కొట్టిన పేరు పలక అని శతాబ్దాలుగా భద్రపరచిన వాల్‌నట్ చెక్క ఉంది. దాన్ని పరీక్షిస్తే క్రీ.శ. 980, 1146 మధ్యదని తేలింది. ఆ ఫలితం 2002లో ప్రచురించారు. అంత పేరున్న పలక పరిస్థితే అదైతే దుకాణం ముక్క సంగతి మీరే ఆలోచించండి.

ఇంకో రెండు మాటలు అమ్మేవాడి ముఖం మీదే అడగొచ్చు. పవిత్ర అవశేషాలను అమ్మడం కేథలిక్ సంఘ చట్టంలోనే నిషిద్ధం (1983 చట్టం, 1190వ నిబంధన). కాబట్టి “చర్చి ఇచ్చిన అసలు ముక్క” అని ధర చెప్పేవాడి మాట అక్కడే తేలిపోతుంది. లేదు, పురాతన వస్తువు అంటాడా? ఇజ్రాయెల్‌లో పురాతన వస్తువులు అమ్మాలంటే లైసెన్సు, దేశం దాటించాలంటే పురావస్తు శాఖ అనుమతి ఉండాలి. ఆ రెండు కాగితాలూ చూపించమనండి. మా పిన్నికి ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఒక సంతకం, ఒక బంగారు రంగు స్టిక్కరు తప్ప ఏమీ లేవు.

గుర్తుగా ఏదైనా తెచ్చుకోవాలంటే బేత్లెహేము వడ్రంగులు చెక్కే ఒలీవ సిలువలు కొనండి. కత్తిరింపుల్లో వచ్చిన కొమ్మలతో చేస్తారు, పసుపు మీద ముదురు చారలు వంకర టింకరగా పారుతూ ఎంతో బావుంటాయి. అవి ఇప్పటి చెక్క అని చెప్పే అమ్ముతారు, ధరా అందుబాటులోనే ఉంటుంది. ఎక్కడ కొన్నా బిల్లు మీద వస్తువు వివరం రాయించుకోండి, వీలైతే కార్డుతో కట్టండి. పిన్ని నగదు ఇచ్చింది, బిల్లు మీద “గిఫ్ట్” అని తప్ప ఏమీ లేదు, అందుకే ఎక్కడా ఫిర్యాదు నిలవలేదు.

మీ సంఘం నుంచి పెద్దవాళ్లు యాత్రకు వెళ్తుంటే బయల్దేరకముందే ఈ సంగతి వాళ్లకు చెప్పండి. అక్కడికి వెళ్లాక గైడు తొందరలో, గుంపు హడావిడిలో ఎవరూ ఆగి ఆలోచించలేరు.