మైగ్రేషన్ ముందా, మన కోడ్ ముందా: ఫ్లైవేతో నాలుగేళ్లు

జావా అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో, డేటాబేస్ పట్టికల మార్పులను (మైగ్రేషన్లను) వరుసగా నడిపే ఫ్లైవే అనే సాధనాన్ని నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి, చరిత్ర పట్టిక వంటివి అందరికీ తెలిసినవే కనుక, నన్ను ఏడిపించిన ఒక్క విషయానికే వస్తాను. అప్లికేషన్ లేచేటప్పుడు మైగ్రేషన్లు ముందు నడుస్తాయా, మన కోడ్ ముందు నడుస్తుందా?

ఫ్లైవే లైబ్రరీని డిపెండెన్సీగా చేరిస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందని జట్టులో కొత్తగా చేరినవారికి నేనే చెప్పేవాడిని. తర్వాత ఒక రిలీజులో పన్ను రేట్ల పట్టికను సృష్టించే మైగ్రేషన్‌ను, ఆ రేట్లను మెమరీలోకి తెచ్చుకునే క్లాసును కలిపి పంపాము. ఆ క్లాసు పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మెథడ్‌లో, అంటే ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే మెథడ్‌లో, డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే డేటాసోర్స్ నుంచి నేరుగా కనెక్షన్ తీసుకునేది. నా ల్యాప్‌టాప్‌లోనూ టెస్ట్ సర్వర్‌లోనూ మైగ్రేషన్ కొన్ని రోజుల ముందే నడిచి పట్టిక సిద్ధంగా ఉండడంతో లోపం బయటపడలేదు. ప్రొడక్షన్‌లో మాత్రం అలాంటి పట్టికే లేదని మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మొరాయించింది. లాగ్‌ను పైకి జరిపి చూస్తే ఫ్లైవే పేరుతో ఒక్క పంక్తి కూడా లేదు. మా బీన్ (ఆ క్లాసు నుంచి స్ప్రింగ్ తయారుచేసే ఆబ్జెక్ట్) ముందు తయారవుతోంది, పట్టిక దొరకక పడిపోతోంది, దానితో అప్లికేషన్ మొత్తం ఆగిపోతోంది. పట్టికను సృష్టించాల్సిన ఫ్లైవేకు వంతే రావడం లేదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఇదే వరస.

డేటాబేస్‌తో మాట్లాడే పైస్థాయి మార్గాలైన జేడీబీసీ టెంప్లేట్‌ను గానీ జేపీఏను గానీ వాడే బీన్‌లను స్ప్రింగ్ బూట్ తనంతట తానే మైగ్రేషన్ల తర్వాతకు జరుపుతుంది. డేటాసోర్స్‌ను నేరుగా పట్టుకున్న బీన్‌కు ఆ రక్షణ లేదు. డేటాసోర్స్‌నే వెనక్కి నెడదామంటే, ఫ్లైవేకు కావలసిందీ అదే. 2021లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.5 వెర్షన్ నుంచి, బీన్‌ను మైగ్రేషన్ల తర్వాతే తయారుచేయమని చెప్పే ‘డిపెండ్స్ ఆన్ డేటాబేస్ ఇనిషియలైజేషన్’ అనే యానొటేషన్ (క్లాసు మీద రాసే గుర్తు) ఉంది. క్లాసు మీద ఆ ఒక్క పంక్తి రాయగానే సమస్య తీరింది. అందులో ఫ్లైవే పేరు లేదు కనుక, రేపు ఫ్లైవే లాంటిదే అయిన లిక్విబేస్‌కు మారినా ఆ పంక్తిని ముట్టుకోనక్కరలేదు. డాక్యుమెంటేషన్‌లో ఇదంతా ఉన్నదే, నేను చదవలేదంతే. అయినా లేచేటప్పుడు ఒక హెచ్చరిక ఇచ్చి ఉంటే బాగుండేదన్న కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు ఇలాంటి పనులను ఎక్కువగా, బీన్‌లన్నీ తయారయ్యాక నడిచే అప్లికేషన్ రన్నర్‌లో పెడుతున్నాను. అది నడిచేసరికి మైగ్రేషన్లు తప్పక పూర్తయి ఉంటాయి, కానీ వెబ్ సర్వర్ కూడా అప్పటికే తెరుచుకుని ఉంటుంది. రిక్వెస్టులను పంచే లోడ్ బ్యాలెన్సర్, అప్లికేషన్ సిద్ధమైందని చెప్పే రెడీనెస్ సంకేతాన్ని చూడకపోతే ఖాళీ క్యాష్ మీదకే రిక్వెస్టులు వస్తాయి. మాది ఒకే డేటాబేస్, రెండే ఇన్‌స్టెన్సులు, మైగ్రేషన్లు క్షణాల్లో ముగుస్తాయి, కాబట్టి నాకు ఈ ఏర్పాటు సరిపోతోంది. పెద్ద పట్టికలను నిమిషాల తరబడి మార్చే చోటైతే, మైగ్రేషన్‌ను అప్లికేషన్ నుంచి విడదీసి డిప్లాయ్‌మెంట్‌కు ముందే నడిపేవాడినేమో.