గుర్రపు డెక్క పాఠానికి వైకుంఠపాళి మేలా, చింతపిక్కలు మేలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చెరువు లేని ఊరు అరుదు. ఆ చెరువులను కమ్మేసే గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క అనీ, పూలు అందంగా ఉన్నాయని తెచ్చి పెంచారనీ బడిలో చెబితే పిల్లలు విని మరిచిపోతారు. ఆడిస్తే గుర్తుంటుంది. అయితే ఏ ఆట?

చాలామందికి ముందు తట్టేది వైకుంఠపాళి. గుర్రపు డెక్కలాగే బయటి నుంచి వచ్చి చెరువును పాడుచేసే చేపల గురించీ అందులో చెప్పొచ్చు. ‘ఆక్వేరియంలోని డెవిల్ ఫిష్‌ను చెరువులో వదిలారు’ అన్న గడిలో పాము, ‘వల ఆరబెట్టి మరో చెరువుకు తీసుకెళ్లారు’ అన్న గడిలో నిచ్చెన. అట్ట మీద గీసుకోవచ్చు, నియమాలు కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ అక్కడ అంతా పాచిక చేతిలోనే ఉంటుంది. చేపను చెరువులో వదలడం మనిషి తెలిసి చేసే పని, పడిన పందెం కాదు. ఆ తేడా పిల్లలకు అందకపోతే ఆడించి లాభమేమిటి?

నా ఓటు చింతపిక్కలకే. నేల మీద సుద్దతో చెరువు గీసి ఒక పిక్క పెట్టండి. ఒక్కో వంతు రెండు వారాలకు లెక్క, ఎందుకంటే అనుకూల పరిస్థితుల్లో గుర్రపు డెక్క దాదాపు అంత కాలంలోనే రెట్టింపవుతుంది. ఎవరూ తీయకపోతే పది వంతులకు 1,024 పిక్కలు. తీసే జట్టుకు వంతుకు నాలుగే తీసే వీలుంటుంది. తీశాక మిగిలినవి రెట్టింపు. నాలుగు ఉన్నప్పుడే దిగితే చెరువు ఒక్క వంతులో శుభ్రం. ఎనిమిది దాకా ఆగితే ఎంత ఆడినా ఎనిమిదే. పదహారు దాకా ఆగారా, పన్నెండు మిగిలి ఇరవై నాలుగవుతాయి, ఆపైన నలభై. ఇక పట్టడం కుదరదు. ఆలస్యం ఖరీదు పిల్లల చేతికే తెలుస్తుంది.

చేపల విషయానికి మాత్రం ఈ ఆట చాలదు. 2000లో కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కథలో అసలు మలుపు పెంచేవారి నిర్ణయం. దానికి వైకుంఠపాళే వాడండి, పాము గడిలో పాచిక తీసేసి ‘వదలాలా, వద్దా’ అని పిల్లలనే తేల్చుకోనివ్వండి. ఫోనులో క్విజ్ అంటారా, మన నాటు క్యాట్‌ఫిష్ అయిన ‘మార్పు’ చేపకూ ఆ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ తేడా గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే.

ఒక్క పీరియడే దొరికితే చింతపిక్కలే ఆడించండి. ఇంకో నియమం కూడా పెట్టండి: తీసిన పిక్క జారి గీత లోపల పడితే మళ్లీ లెక్కలోకి వస్తుంది. గుర్రపు డెక్క తీగ ముక్క నీళ్లలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది కాబట్టి, పీకినదాన్ని గట్టు దాటించి ఎండబెట్టాల్సిందే.