డీసీ క్లాంప్ మీటర్: మూడేళ్ళు వాడాక

వోల్టులు, ఓమ్‌లు, కంటిన్యుటీ ఏ మల్టీమీటర్‌లోనైనా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ మీటరంటే నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. వైరు విప్పక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. దాని చుట్టూ మీటరు దవడలు మూస్తే చాలు, లోపల ఎంత డీసీ కరెంటు (బ్యాటరీ నుంచి ఒకే దిశలో పారేది) పోతోందో చెప్పేస్తుంది. కొనేముందు మాత్రం ఒకటి చూసుకోండి. క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ కరెంటే, అంటే ఇంటి ప్లగ్గులో వచ్చేదే, తెలుస్తుంది. కారులో బ్యాటరీని తినేసే కరెంటు వాటికి కనబడదు.

నేను కారు వారానికి ఒకటి రెండుసార్లే బయటికి తీస్తాను. కొన్నాళ్ళు ఏమైందంటే, నాలుగైదు రోజులు కదలకుండా ఉంటే చాలు, తాళం తిప్పితే టకటకమనడం తప్ప ఇంజను తిరిగేది కాదు. మెకానిక్ జంపర్ కేబుళ్ళతో స్టార్ట్ చేసి, ఇంజను నడుస్తుండగా వోల్టేజీ చూశాడు. 14.2 ఉంది. చార్జింగ్ బాగానే ఉంది, బ్యాటరీ పోయింది, మార్చేయండి అన్నాడు. మార్చాను. నెల తిరక్కుండా కొత్తదీ అలాగే దిగిపోయింది. ఏదైనా పని మీద వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే లేచి కారు దగ్గరికి నడవాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

అప్పుడు కొన్నాను దీన్ని. బ్యాటరీ నిండా చార్జ్ చేసి రాత్రంతా వదిలేసి, మర్నాడు పొద్దున బానెట్ తెరిచి, తలుపులన్నీ వేసి లాక్ చేసి, రిమోట్ తాళం దూరంగా పెట్టి నలభై నిమిషాలు ఆగాను. ఈ ఆగడం ముఖ్యం. కారులోని కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు, ముందే చూస్తే ఆ కరెంటు కూడా కలిసి లేనిపోని భయం పుడుతుంది. తర్వాత మైనస్ కేబుల్ చుట్టూ దవడలు మూశాను. 0.31 ఆంపియర్లు! ఆగి ఉన్న కారు మామూలుగా 0.05 లోపే తీసుకోవాలి. 0.31 అంటే రోజుకు 7 ఆంపియర్-అవర్లకు పైగా పోతున్నట్టు. నాది 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. ఐదోరోజుకు ఇంకేం మిగులుతుంది?

ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూశాను. డిక్కీ లైటు, స్టీరియో, హారన్, అన్నీ. ఏది తీసినా అంకె కదల్లేదు. మధ్యాహ్నానికి ఓపిక అయిపోయింది. అప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) నుంచి బ్యాటరీకి వచ్చే లావుపాటి కేబుల్ మీద దృష్టి పడింది. నా కారులో అది నేను తీసిన చిన్న ఫ్యూజుల్లో దేనిగుండానూ పోదు. ఇంజను ఆపి ఉంది కాబట్టి అందులో దాదాపు సున్నా ఉండాలి. దవడలు మూస్తే మళ్ళీ అదే 0.31. సాయంత్రం ఒక గంట నడిపి తెచ్చి చూస్తే 0.58. వేడెక్కితే ఇంకా ఎక్కువ కారుతోందన్నమాట.

ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ విప్పి చూస్తే డయోడ్ ఒకటి లీకవుతోంది. కరెంటు బ్యాటరీ వైపే పోవాలి, వెనక్కి రాకూడదు. ఆ కాపలా కాయాల్సింది డయోడే. అది కొద్దిగా పాడైనా చార్జింగ్ వోల్టేజీ సరిగానే కనిపించవచ్చు. అందుకే ఆ 14.2 చూసి అందరం బ్యాటరీనే తప్పుబట్టాం. ఆ డయోడ్లుండే రెక్టిఫయర్ ప్లేటు మార్చాక మైనస్ కేబుల్ దగ్గర 0.02 చూపించింది.

మామూలు మీటరుతో ఈ పని జరగదని కాదు. కానీ కేబుల్ విప్పి మీటరును మధ్యలో కలపాలి. అలా విప్పి కలపగానే నిద్రపోయిన కంప్యూటర్లు లేస్తాయి, ఇరుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ఉంటే ఒక్కోసారి విడిపోతుంది, దొంగ దొరక్కుండా పోతాడు. పైగా ఆల్టర్నేటర్ కేబుల్ నేరుగా బ్యాటరీకే కలిసి ఉంటుంది. బ్యాటరీ తీయకుండా దాని నట్టు విప్పబోతే, స్పానర్ బాడీకి తగిలితే చాలు, నిప్పులు లేస్తాయి.

ఆ 0.02ని మాత్రం ఇప్పుడు అంత గట్టిగా నమ్మను. అంత చిన్న కరెంటు దగ్గర ఈ మీటరు నిలకడగా ఉండదు. దవడలు ఖాళీగా మూసి, కొలిచే చోటే, అదే దిశలో పట్టుకుని జీరో బటన్ నొక్కి అంకెను సున్నాకు తేవాలి. చేయి తిప్పితే 0.03 వరకు తేడా వస్తోంది. దవడల అంచుల్లో దుమ్ము పడితే ఇంకా ఎక్కువ, అందుకే కొలిచే ప్రతిసారీ తుడుస్తాను. 0.3 లాంటి పెద్ద లీకుకు ఇది ఇబ్బంది కాదు, 0.05, 0.08 మధ్య తేల్చాలంటే నేనూ పాత మీటరునే సిరీస్‌లో కలుపుతాను. పావుగంటకోసారి తనంతట తానే ఆగిపోవడం ఇంకో చికాకు. ఆగితే జీరో కూడా పోతుంది. ఒక బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే ఆగదని ఏడాది తర్వాత తెలిసింది. దవడలు లావు కాబట్టి ఇరుకు ఇంజన్లలో అన్ని కేబుళ్ళ చుట్టూ పట్టవు కూడా.

రోజూ కారు నడిపేవాళ్ళకు ఇది కొనమని చెప్పలేను. రోజూ నడిపితే నా కారు కూడా ఆ లీకును చాలాకాలం తట్టుకునేదేమో. నాలాగా రోజుల తరబడి నిలిపి ఉంచేవాళ్ళు, బానెట్ కింద చేయి పెట్టడానికి జంకనివాళ్ళు అయితే, రెండో బ్యాటరీ కొనకముందే ఒకరి దగ్గర అడిగైనా తెచ్చి ఆ రెండు కేబుళ్ళూ చూడండి.