‘డయాబెటిక్ ఫ్రెండ్లీ’ అని రాసి ఉన్న బ్రెడ్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల కోసం సరుకులు కొనేవాళ్లు దయచేసి దీన్ని చివరిదాకా చదవండి. ప్యాకెట్ మీద ‘డయాబెటిక్ ఫ్రెండ్లీ’, ‘మల్టీగ్రెయిన్’, ‘చక్కెర కలపలేదు’ అని పెద్ద అక్షరాలతో ఉన్న బ్రెడ్ ఒకటి మా అమ్మ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించాను. అమ్మకు టైప్ 2 డయాబెటిస్, మాత్రలు వాడుతోంది. పొద్దున తిన్న రెండు గంటలకు చూస్తే మామూలుగా 170 లోపే ఉండేది. ఈ బ్రెడ్ మొదలుపెట్టాక అదే సమయానికి 230, 240 చూపించడం మొదలైంది. మాత్రలు మారలేదు, నడక మానలేదు, జ్వరం లాంటిదేమీ రాలేదు. మారింది బ్రెడ్ ఒక్కటే. అది ఆపేశాక అంకెలు మళ్లీ దిగాయి.

కంపెనీ పేరు రాయడం లేదు. పేరు చెబితే అందరూ ఆ ఒక్కటి మానేసి, పక్కనే ఉన్న అలాంటి ఇంకో ప్యాకెట్ తీసుకుంటారు. ఏం చూసి కొనాలో తెలిస్తే ఏ కంపెనీదైనా మీరే తేల్చుకోవచ్చు.

ఆ ప్యాకెట్ వెనకవైపు సన్న అక్షరాల్లో ఉన్న వివరాలు చూస్తే ఒళ్లు మండింది. పదార్థాల జాబితాలో మొట్టమొదటిది మైదా. సాధారణంగా ఈ జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి ఆ బ్రెడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది మైదానే. ఓట్స్, బార్లీ, అవిసె గింజలు జాబితా చివర్లో, ఉప్పు తర్వాత వచ్చాయి. బ్రెడ్‌లో ఉప్పు మహా అయితే పిండి బరువులో ఒకటి రెండు శాతం ఉంటుంది. ఉప్పు తర్వాత పేరున్న గింజ ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. మరి ఆ గోధుమరంగు ఎక్కడిది? కారమెల్ రంగు కలిపారు. అది కూడా జాబితాలో రాసే ఉంది.

‘చక్కెర కలపలేదు’ అన్న మాట అబద్ధం కాదు. కానీ అందులో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంది. ఇది స్టార్చ్ నుంచి తీసే పొడి. తియ్యదనం పెద్దగా ఉండదు, లేబుల్ మీద చక్కెర గడిలోకి రాదు, రక్తంలో గ్లూకోజ్‌ను మాత్రం దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానే పెంచుతుంది. అసలు బ్రెడ్ విషయంలో చక్కెర గడి చూసి కొనడమే దండగ. బ్రెడ్‌లో ఉండేది ప్రధానంగా స్టార్చ్. నోటిలో, చిన్నపేగులో ఉండే ఎంజైములు దాన్ని విడగొట్టి గ్లూకోజ్ చేసేస్తాయి. చూడాల్సింది మొత్తం పిండిపదార్థాల (కార్బోహైడ్రేట్ల) గడి, దాని కింద ఉండే పీచు (ఫైబర్) గడి.

ఇంకో సంగతి. ముందువైపు ‘ఒక సర్వింగ్‌లో పిండిపదార్థాలు తక్కువ’ అని ఉంది. వెనక చూస్తే సర్వింగ్ అంటే 20 గ్రాములట. వంటింటి త్రాసులో పెట్టి చూస్తే ఒక్కో స్లైస్ 40 గ్రాములు తూగింది. అంటే వాళ్ల లెక్కలో ఒక మనిషి తినేది అర స్లైస్! అందుకే ఎప్పుడూ 100 గ్రాములకు ఎంత అన్న వరుసతోనే ఒక బ్రెడ్‌ను ఇంకో బ్రెడ్‌తో పోల్చండి.

‘మైదా ఉన్న బ్రెడ్ కొన్నారు కాబట్టి అలా అయింది, హోల్ వీట్ తీసుకుంటే సరిపోయేది’ అని చాలామంది అంటున్నారు. అది కూడా పూర్తిగా నిజం కాదని తెలుసుకోవాలి. ఏ ఆహారం రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ప్రవేశపెట్టారు. గ్లూకోజ్‌ను 100గా పెట్టుకుంటే 55, అంతకన్నా తక్కువ వస్తే మంచిది, 70 గానీ అంతకుమించి గానీ వస్తే ఎక్కువ. 2008లో వచ్చిన అంతర్జాతీయ పట్టికల ప్రకారం తెల్ల బ్రెడ్ సగటు సుమారు 75. హోల్ వీట్ బ్రెడ్ సగటు సుమారు 74. తేడా ఎక్కడుంది?

కారణం పిండి సన్నదనం. గోధుమ పొట్టుతో సహా ఆడించినా, పొడి మెత్తగా అయిపోతే స్టార్చ్ చుట్టూ ఉండే గింజ గోడలు పగిలిపోతాయి. ఆ పైన పిండి పొంగి, వేడికి ఉడికి, మెత్తని గుల్లగా తయారవుతుంది. ఎంజైములకు ఇక అడ్డేముంది? గింజలు గింజలుగా, పలుకులుగా మిగిలి ఉన్న బ్రెడ్ అయితే జీర్ణం కావడానికి సమయం పడుతుంది. అదే పట్టికలో అలాంటి గింజల బ్రెడ్‌కు సగటు 53 ప్రాంతంలో ఉంది. నలగని రై గింజలతో చేసే బరువైన నల్ల బ్రెడ్ కూడా సాధారణంగా ఈ కోవలోకే వస్తుంది. హోల్ వీట్ వద్దని నేననడం లేదు. పీచు, ఖనిజాలు అందులో ఎక్కువ, పేగులకూ గుండెకూ మంచిది. అది తింటే షుగర్ పెరగదన్న ధీమా మాత్రం వద్దు.

ఆ ధీమాతోనే అసలు నష్టం జరుగుతుంది. ‘ఇది షుగర్ వాళ్లకోసమే కదా’ అని ఒకటి తినేచోట రెండు తింటారు. లెక్క చూడండి. 30 గ్రాముల స్లైస్‌లో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దాన్ని గ్లైసీమిక్ ఇండెక్స్‌తో గుణించి 100తో భాగిస్తే గ్లైసీమిక్ లోడ్ వస్తుంది, అంటే ఎంత తిన్నామన్నది కూడా కలిపి చూసే లెక్క. తెల్ల బ్రెడ్ ఒక్క స్లైస్‌కు అది 11. ఎంతో మంచిదనుకునే గింజల బ్రెడ్ రెండు స్లైసులకు 16. ఏది తిన్నామన్నదానికి ఎంత ప్రాముఖ్యం ఉందో, ఎంత తిన్నామన్నదానికీ అంతే ఉంది.

సోర్‌డో, అంటే సహజంగా పులియబెట్టిన పిండితో చేసే బ్రెడ్ గురించి కూడా అడుగుతున్నారు. ఎక్కువసేపు సహజంగా పులిసిన పిండిలో ఆమ్లాలు తయారవుతాయి, వాటివల్ల స్టార్చ్ కాస్త నెమ్మదిగా జీర్ణమవుతుంది. ఆ సూత్రం నిజమే. అయితే మామూలు ఈస్ట్‌తో గబగబా పొంగించి, పులుపు కోసం వెనిగర్ కలిపి అదే పేరుతో అమ్మేవి కూడా ఉన్నాయి, జాబితా చూడండి. పైగా మనిషి మనిషికీ తేడా. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2017లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, డయాబెటిస్ లేని 20 మందికి ఒక వారం తెల్ల బ్రెడ్, ఒక వారం హోల్ వీట్ సోర్‌డో ఇచ్చి చూశారు. మొత్తం మీద రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొందరికి తెల్లదానితో ఎక్కువ పెరిగింది, కొందరికి సోర్‌డోతో. కాబట్టి పక్కింటావిడకు పడిందని మనకూ పడుతుందని అనుకోవద్దు.

గ్లూటెన్ (గోధుమ లాంటి గింజల్లో ఉండే ప్రొటీన్) లేని బ్రెడ్‌కూ షుగర్‌కూ సంబంధం లేదు. వాటిలో చాలావరకు బియ్యప్పిండి, బంగాళాదుంప స్టార్చ్ లాంటివే వాడతారు. గ్లూటెన్ పడనివాళ్లకు తప్ప దానివల్ల లాభం లేదు.

కీటో బ్రెడ్, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి చేసే బ్రెడ్ కొనేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు రోజూ తినే బ్రెడ్ తీసేసి, ఇలాంటి దానికి ఒక్కసారిగా మారితే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం... పెద్దవాళ్లయితే పడిపోయి దెబ్బలు తగులుతాయి. డాక్టర్‌తో మాట్లాడి, అవసరమైతే మందు సరిచేయించుకుని అప్పుడే మారండి. ఇది ప్యాకెట్ మీద ఎవరూ రాయరు.

కొత్త బ్రెడ్ ఏది తెచ్చినా గ్లూకోమీటర్‌తో పరీక్షించుకోండి. తినేముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంకోసారి. అదే పరిమాణం, అదే పూట, పక్కన తినేవి కూడా అవే ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు. కూరగాయలు, గుడ్డు లాంటివి ముందు తిని బ్రెడ్ చివర్లో తింటే పెరుగుదల తగ్గుతుంది కాబట్టి ఆ వరుస కూడా మార్చవద్దు. మీటర్ రీడింగులో 15 శాతం దాకా తేడా ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అందుకే ఒక్క రీడింగ్ చూసి టెన్షన్ పడకుండా, వేర్వేరు రోజుల్లో చూసి నిర్ణయించండి. తిన్నాక 180 దాటకూడదన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చాలామందికి చెప్పే లక్ష్యం. మీ వయసుకు, మీ ఆరోగ్యానికి ఎంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి.

అమ్మినవాళ్లకు రీడింగులు, లేబుల్ ఫొటోలు పంపి అడిగాను. ‘ఫలితాలు వ్యక్తిని బట్టి మారుతాయి’ అన్నారు. మారుతాయి, నిజమే. అలాంటప్పుడు షుగర్ ఉన్నవాళ్లందరికీ మంచిదని ప్యాకెట్ మీద ఎలా రాశారని అడిగితే, అది పరీక్ష చేసి రాసిన మాట కాదని, చక్కెర కలపలేదు కాబట్టి రాశామని ఒప్పుకున్నారు. డయాబెటిస్ ఉన్నవాళ్ల కోసమంటూ ప్రత్యేక ఆహారాలకు విడిగా నిబంధనలు పెట్టడానికి శాస్త్రీయ ఆధారం లేదని యూరోపియన్ కమిషన్ 2008లోనే తేల్చింది. అయినా ప్యాకెట్ మీద ‘డయాబెటిక్ ఫ్రెండ్లీ’ అన్న మాట చూసి మందులు తీసుకున్నంత నమ్మకంతో కొనే పెద్దవాళ్లు ఎందరో. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇలా మీకూ జరిగితే ప్యాకెట్ పారేయకండి. ముందు, వెనక, బ్యాచ్ నంబరు ఫొటోలు తీసి, రీడింగులు తేదీలతో రాసిపెట్టి, మీ ప్రాంతంలో ఆహార భద్రత చూసే అధికారులకు ఫిర్యాదు చేయండి. నేను చేశాను. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చారు గానీ, అమ్మకం పేజీలో ఆ మాట ఇంకా తీయలేదు. అధికారుల నుంచి జవాబు రాగానే చెబుతాను.