90 రోజుల్లో పాపం లేని జీవితం నేర్పుతానన్న యాప్: నా రివ్యూ

రేటింగ్: 5కి 2.

డబ్బు కట్టి మొత్తం ప్లాన్ తీసుకున్నాను, 61 రోజులు వాడాను, తర్వాత నేనే ఆపేశాను. యాప్ పేరు రాయడం లేదు, ఇలాంటివి ఇంకా ఉన్నాయి, నా గొడవ కూడా ఒక్క యాప్‌తో కాదు. క్రైస్తవ విశ్వాసి ఈ బతుకులోనే పాపం అన్నదే లేని స్థితికి చేరుకోవచ్చని, చేరుకున్నాక "నాలో పాపం లేదు" అని సాక్ష్యం చెప్పాలని నేర్పే బోధతో.

ముందు బాగున్నవి చెప్తాను. ఉదయం వచ్చే వాక్యం ఆడియో చాలా బాగుంది, చదివిన వాళ్లు ఎక్కడా తొందరపడలేదు. రాత్రి 9 ప్రశ్నలొస్తాయి: అబద్ధమాడారా, కోపపడ్డారా, ఇచ్చిన మాట తప్పారా, ఇలాంటివి. "ఎవరికైనా బాకీ ఉన్నారా" అన్న ప్రశ్న వరసగా ఐదు రాత్రులు ఎదురయ్యేసరికి, ఎప్పుడో తీసుకుని మర్చిపోయినట్టు తిరుగుతున్న ఒక అప్పు తీర్చేశాను. అది ఈ యాప్ వల్లే జరిగింది, ఆ రెండు స్టార్లూ అందుకే.

అసలు సమస్య కౌంటర్‌తో. 9 ప్రశ్నలకీ "లేదు" అని నొక్కితే అన్నీ పచ్చ టిక్కులొచ్చి, పైన "విజయ దినాలు" అన్న అంకె ఒకటి పెరుగుతుంది. ఒక్కటి ఎర్రగా వచ్చినా అంకె సున్నాకి పడిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

34వ రోజు సాయంత్రం ఫోన్లో మా చెల్లి మీద గట్టిగా అరిచాను. విషయం చిన్నదే, కానీ అరిచాను, తను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాను. రాత్రి యాప్ తెరిస్తే "ఈరోజు కోపపడ్డారా?" అని ఉంది. వేలు స్క్రీన్ మీదే పెట్టి చాలాసేపు ఆలోచించాను. అది కోపం కాదు, పెద్దదాన్ని కాబట్టి సరిదిద్దాను, నాకు బాధ ఉంది కానీ కోపం లేదు, అని నాకు నేనే చెప్పుకుని "లేదు" నొక్కాను. పచ్చ టిక్ వచ్చింది, అంకె 34 అయింది. పడుకునే ముందు యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకుంటూ "మా ఋణములు క్షమించుము", అంటే మా పాపాలు క్షమించు, అన్న మాట దగ్గరికొచ్చేసరికి నోరు రాలేదు, ఎందుకంటే ఐదు నిమిషాల కింద నాకు ఏ ఋణమూ లేదని నేనే నొక్కాను కదా.

మర్నాడు చెల్లికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "నువ్వు అరిచినందుక్కాదక్కా, అరిచాక కూడా నాదే తప్పన్నట్టు పెట్టేశావు చూడు, అది బాధనిపించింది" అంది. నేను చేసిన అసలు పాపం ఆ 9 ప్రశ్నల్లో ఎక్కడా లేదు, దాన్ని చూసింది మా చెల్లి. నన్ను నేను తప్పులేనిదాన్ననుకోవాలంటే మారక్కర్లేదని, పాపం అన్న మాటకి అర్థం కాస్త తగ్గించుకుంటే చాలని ఆరోజు తెలిసింది.

ఈ సంగతే సపోర్ట్‌కి రాశాను. ప్లాన్ పూర్తి చేసినవాళ్లు "మా ఋణములు క్షమించుము" అని ఎలా ప్రార్థించాలి అని అడిగాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది, మర్యాదగానే రాశారు: ఆ మాట ఎదగని విశ్వాసుల కోసమట, ఎదిగినవాళ్లు ఇతరుల తరఫున, వినయం కోసం చెప్పుకోవచ్చట. చదివి దిగులేసింది. ఈ జవాబుకి 1600 ఏళ్ల వయసుంది. మనిషి తలుచుకుంటే పాపం లేకుండా ఉండగలడన్న పెలాగియస్ అనే బోధకుడి బోధ మీద 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో బిషప్పులు సభ పెట్టి, సరిగ్గా ఈ రెండు సాకులనీ తోసిపుచ్చారు. పరిశుద్ధులు ఆ ప్రార్థన వేరేవాళ్ల కోసం మాత్రమే చేస్తారన్నా, నిజం కాకపోయినా వినయంగా ఉంటుందని చేస్తారన్నా ఒప్పుకోలేదు. దేవుడి ముందు వినయం కోసం అబద్ధమాడతామా?

యాప్ పాఠాల్లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ పేరు పదే పదే వాడుకున్నారు, కానీ సగమే చెప్పారు. దేవుణ్ణి నిండు మనసుతో, పొరుగువాణ్ణి తనలా ప్రేమించే స్థితి ఈ జీవితంలోనే దొరుకుతుందని వెస్లీ నేర్పిన మాట నిజమే, దాని మీద 1766లో పుస్తకం కూడా వేశాడు. కానీ ఆ స్థితిలోనూ తెలియక పొరపాట్లు జరుగుతాయని, వాటికీ క్రీస్తు రక్తమే దిక్కని, "పాపరహిత పరిపూర్ణత" అన్న మాట తాను వాడనని ఆయనే రాశాడు. తాను పరిపూర్ణుణ్ణి కానని 1767లో పత్రికకి ఉత్తరం రాసి మరీ చెప్పాడు. ఆయన సంఘాల్లోనే జార్జ్ బెల్ అన్న మనిషి తాము దేవదూతల్లా పరిపూర్ణులమని చెప్పుకుంటూ, 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమైపోతుందని ప్రకటించేదాకా వెళ్లాడు. వెస్లీ గురించి అంత చెప్పినవాళ్లు ఇది కూడా చెప్పాలి. నేను వెస్లీ బోధని పూర్తిగా ఒప్పుకోను, కానీ ఆయన ఈ యాప్ కన్నా చాలా జాగ్రత్తపరుడు.

వాక్యం విషయంలో కూడా ఇంతే. దేవుని వల్ల పుట్టినవాడు పాపం చేయడన్న 1 యోహాను 3:9 మీద మూడు పాఠాలున్నాయి, పాపం లేదని చెప్పుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నామన్న 1:8 మీద ఒక్కటీ లేదు. రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. నాకు అర్థమైనంతలో 3:9 పాపంలోనే కాపురముండే బతుకు గురించి చెప్తోంది, ఒక్కసారి కూడా జారిపడకపోవడం గురించి కాదు. ఇక పరలోకపు తండ్రిలా మీరూ పరిపూర్ణులుగా ఉండడం గురించిన మత్తయి 5:48. దాన్ని యాప్‌లో ఆజ్ఞగా పెద్దక్షరాల్లో వేశారు. మన తెలుగు బైబిల్లో అది "ఉండుడి" అని లేదు, "పరిపూర్ణులుగా ఉండెదరు" అని ఉంది, గ్రీకులోనూ ఆ క్రియ భవిష్యత్ కాలమే. అందులో ఆజ్ఞ లేదనడం లేదు, కానీ ఆ వాక్యం శత్రువుని ప్రేమించమన్న మాటల చివర వస్తుంది, మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒకేలా వాన కురిపించే తండ్రిని చూపిస్తుంది. అలాంటి ప్రేమని ఏ కౌంటర్లో లెక్కపెడతారు? పౌలు తానింకా సంపూర్ణ సిద్ధి పొందలేదని ఫిలిప్పీ 3:12లో రాసి, ఆ వెంటనే గురి వైపు పరుగెత్తుతున్నానంటాడు. నాకు కావాల్సింది ఆ రెండూ కలిసే.

ఇది చదివి "మనుషులమే కదా, అంతా అంతే" అనేవాళ్లకి కూడా ఒక మాట, దయచేసి నన్ను అటు లాగొద్దు. మార్పు రాకపోయినా ఫర్వాలేదని నేననలేదు. మార్పు ఆశించాలి, గట్టిగా ఆశించాలి, పదేళ్ల కింద చేసిన పాపాలే ఇవాళా చేస్తుంటే కంగారుపడాలి. నేనే ఆ అప్పు తీర్చినరోజు నిజంగా తేలికపడ్డాను.

ఎవరు వాడొచ్చంటే, ఉదయం వాక్యం వినే అలవాటు కావాలనుకునేవాళ్లు, ఆ ఆడియో వరకు. చిన్న తప్పుకే రాత్రంతా నిద్రపట్టక కుమిలిపోయే మనసున్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు, ఆ సున్నా మిమ్మల్ని చాలా ఏడిపిస్తుంది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న పిల్లలకి దీన్ని బహుమతిగా ఇవ్వకండి.

ఇంకోటి, యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ప్లాన్ ఆగదు. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపేసి, అప్పుడు డిలీట్ చేయండి.